ఇన్కార్ వేరు, ఖామోషీ వేరు

మన ఇళ్లల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు బాగా పెరిగారు. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్, వీటికి తోడు మన అమ్మీల మొండి పట్టుదల. ఇవన్నీ కలిసి పంక్చర్ దుకాణాలు, కుట్టుమిషన్లు, ఆటో స్టీరింగుల వెనకాల ఉండిపోవాల్సిన ఒక తరాన్ని తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాయి. ఖుషీ పడాల్సిన సంగతే. కానీ కూర్చోబెట్టిన తర్వాత వాళ్లకు ఏం నేర్పుతున్నారన్నది మనం అడగడం లేదు. సీట్ వచ్చిందా, ఫీజు కట్టామా, పాసయ్యాడా, అంతే.

ఈసారి ఆ ముచ్చటే రాస్తున్నా. అదీ ఒక్క చిన్న విషయం పట్టుకుని. సీ భాషలో రాసిన ఒక ప్రోగ్రాం ఇంకో కంప్యూటర్‌తో కలవబోయి కలవలేకపోయిందనుకోండి. ఎందుకు కలవలేదో కనుక్కోవడం ఎట్లా? మూడో సంవత్సరం నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో మన పిల్లలు ఎక్కువగా చిక్కుకునే గల్లీ ఇదే.

‘ఇదేం సబ్జెక్టు భాయ్, సీ గురించి మాకెందుకు’ అని పెద్దవాళ్లు పేజీ మూయకండి. నేనూ ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బార్ నౌకరీలో పడ్డవాణ్ణే. సీ నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని, వాళ్ల కితాబులు తిరగేసి అర్థం చేసుకున్నా. అర్థమైన మేరకు నా రాయ్ ఇది: మన కాలేజీలు పిల్లలకు ప్రోగ్రాం రాయడం నేర్పుతున్నాయి, కానీ మిషన్ ‘కాదు’ అన్నప్పుడు ఆ కాదులో ఏముందో చదవడం నేర్పడం లేదు. ఈ లోటు ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లలకు అందరికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది.

ముందు సాకెట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు 1983లో తమ యూనిక్స్‌తో పాటు ఈ ఏర్పాటును బయటికి వదిలారు. నలభై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ దాదాపు అదే నడుస్తోంది. కంప్యూటర్‌ను ఒక పెద్ద మకాన్ అనుకోండి. దాని పతా ఐపీ అడ్రస్. ఆ మకాన్‌కు 65 వేలకు పైగా దర్వాజాలు ఉంటాయి. ఒక్కో దర్వాజా నంబరే పోర్ట్. ఎదురుచూసే ప్రోగ్రాం, అంటే సర్వర్, ముందు ఒక సాకెట్ తీసుకుంటుంది. బైండ్ అని ఒక దర్వాజా నంబరు పట్టుకుంటుంది. లిజన్ అని చెవి పెడుతుంది. ఎవరైనా వస్తే యాక్సెప్ట్ అని లోపలికి రానిస్తుంది. వచ్చే ప్రోగ్రాం, అంటే క్లయింట్, ఒక సాకెట్ తీసుకుని కనెక్ట్ అని పోయి దర్వాజా తడుతుంది.

తట్టడానికీ ఒక అదబ్ ఉంది. క్లయింట్ సలాం పంపుతుంది. సర్వర్ ఉన్న కంప్యూటర్ జవాబుగా సలాం పంపుతుంది. ‘నీ జవాబు అందింది’ అని క్లయింట్ మూడో మాట చెబుతుంది. ఆ తర్వాతే అసలు గుఫ్తగూ. టీసీపీ అనే ఈ మూడు మాటల మర్యాద 1981లో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన ఖాయిదాలో రాసి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. కనెక్ట్ విఫలమైందంటే ఏదో ఒకటే జరిగినట్టు పిల్లలు అనుకుంటారు. కాదు. దర్వాజా దగ్గర జరిగేవి వేర్వేరు సంగతులు.

ఒకటి, ఇన్కార్. క్లయింట్ సలాం అవతలి మకాన్ దాకా పోయింది. కానీ ఆ నంబరు దర్వాజా వెనక ఎవరూ కూర్చుని లేరు. అప్పుడు ఆ మకానే ‘ఇక్కడ ఎవరూ లేరు, వెళ్లు’ అని వెంటనే తిప్పి పంపుతుంది. దీన్నే మిషన్ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటుంది. లైనక్స్‌లో దీని నంబరు 111. ఈ జవాబు రెప్పపాటులో వస్తుంది. ఇది చెడ్డ ఖబర్‌లా కనిపిస్తుంది గానీ ఇందులో ఎంత మంచి ఖబర్ ఉందో చూడండి. రాస్తా సరిగ్గా ఉంది, అవతలి మకాన్ మేలుకునే ఉంది, మన సలాం అందింది. ఇక వెతకాల్సింది దర్వాజా దగ్గరే. సర్వర్ నడుస్తోందా? ఆ నంబరు దగ్గరే కూర్చుందా?

రెండు, ఖామోషీ. సలాం పంపాం. జవాబ్ లేదు. లైనక్స్ ఒక సెకను ఆగి మళ్లీ తడుతుంది. తర్వాత మళ్లీ మళ్లీ తడుతూ, మెల్లగా సబర్ పెంచుకుంటూ పోతుంది. చాలా ఏళ్లుగా ఉన్న లెక్క ప్రకారం మొత్తం రెండు నిమిషాలు దాటాక ‘కనెక్షన్ టైమ్‌డ్ అవుట్’ అని చేతులెత్తేస్తుంది. నంబరు 110. ఇక్కడ ఎవరూ ‘కాదు’ అనలేదు. అవతలి కంప్యూటర్ ఆపి ఉండొచ్చు, పతా తప్పు ఉండొచ్చు, లేదా మధ్యలో ఫైర్‌వాల్ మన సలాంను చప్పుడు చేయకుండా పక్కన పడేస్తూ ఉండొచ్చు. ఇట్లాంటప్పుడు సర్వర్ ప్రోగ్రాంలో లైన్లు దిద్దుతూ కూర్చుంటే రాత్రి గడిచిపోతుంది, పని కాదు.

మూడు, రాస్తా లేదు. ‘నో రూట్ టు హోస్ట్’. మధ్యలో ఉన్న ఎవరో, లేదా మన కంప్యూటరే, అక్కడికి చేరలేమని చెప్పడం. కొన్ని లైనక్స్‌లలో అవతలి ఫైర్‌వాల్ పంపే నిషేధం కూడా ఈ మాటగానే కనిపిస్తుంది. కాబట్టి ఈ మాట వస్తే వైఫైతో పాటు ఫైర్‌వాల్‌ను కూడా అడగాలి.

నంబరు 111 అయితే వెతకాల్సిన చోటు ఒకటి, 110 అయితే ఇంకొకటి. పెళ్లి సంబంధం అడిగితే ‘వద్దు’ అని ఖబర్ పంపినవాళ్లూ, అసలు ఖబరే పంపనివాళ్లూ ఒకటేనా? మన పెద్దవాళ్లకు ఈ ఫరఖ్ పుట్టుకతో తెలుసు. ల్యాబ్‌లో మాత్రం రెండిటినీ ఒకే మూటలో కట్టేసి ‘ఫెయిల్డ్’ అని చీటీ అంటిస్తున్నారు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా ఆపా కూతురు బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటుంది. ఒక రాత్రి ఫోన్ చేసింది.

‘మామూ, నా ల్యాప్‌టాప్‌లో రెండూ మంచిగ నడుస్తున్నయ్. ఫ్రెండ్ ల్యాప్‌టాప్ నుంచి చేస్తే కలుస్తలేదు.’

‘మిషన్ ఏమంటోంది బేటీ?’

‘ఏమంటది మామూ, కనెక్షన్ ఫెయిల్డ్ అంటోంది.’

‘అది మిషన్ అంటోందా, నువ్వు రాసిన మాటేనా?’

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వింది. కనెక్ట్ విఫలమైతే ‘కనెక్షన్ ఫెయిల్డ్’ అని అచ్చు వేయమని ప్రోగ్రాంలో రాసింది తనే. ల్యాబ్ రికార్డులో అట్లాగే ఉంది, చూసి దించింది. మిషన్ దగ్గర అసలు వజహ్ ఉంది, దాని నోరు మూసి మనం మన మాట పలికిస్తున్నాం. ఆ లైను తీసేసి పెర్రర్ అనే ఫంక్షన్ పెట్టింది. అప్పుడు ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని తెర మీద పడింది. అంటే ఇన్కార్. అంటే వైఫై మంచిగానే ఉంది, ఫ్రెండ్ ల్యాప్‌టాప్ మంచిగానే ఉంది. సర్వర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్ అనే కమాండ్‌తో ఏ దర్వాజా దగ్గర ఎవరు కూర్చున్నారో చూసింది. సర్వర్ 127.0.0.1 పతాకు కట్టుకుని కూర్చుంది. ఆ పతా ఇంటి లోపలి దర్వాజా లాంటిది. అదే కంప్యూటర్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే తెరుచుకుంటుంది, గల్లీలోంచి వచ్చేవాళ్లకు కాదు. బైండ్ చేసేటప్పుడు ‘అన్ని పతాల మీదా విను’ అని మార్చింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. నేను చేసిన మదద్ ఒక్క సవాల్, అంతే.

ఆ సవాల్ వెనక ఉన్న పద్ధతి ఏమిటో పిల్లల కోసం కొంచెం వివరంగా చెప్తా. సాకెట్, బైండ్, కనెక్ట్ లాంటి ఫంక్షన్ ఏది పిలిచినా అది ఒక నంబరు తిరిగి ఇస్తుంది. మైనస్ 1 వచ్చిందంటే పని కాలేదని. ఎందుకు కాలేదో ఆ క్షణంలో ఎర్‌నో అనే చోట రాసి ఉంటుంది. పెర్రర్, స్ట్రెర్రర్ అనే రెండు ఫంక్షన్లు దాన్ని మనుషుల మాటలోకి మారుస్తాయి. అయితే ఒక జాగ్రత్త. విఫలమైన వెంటనే ఎర్‌నోను చదువుకోవాలి. ముందు సాకెట్ మూసేసి, ఇంకేదో అచ్చు వేసి, తీరికగా చదివితే మధ్యలో జరిగిన ఇంకో పని దాన్ని తుడిచి రాసి ఉండొచ్చు. మా పత్రికల పనిలోనూ అంతే. గవాహ్ బయాన్ సంఘటన జరిగిన చోటనే తీసుకోవాలి. మూడు రోజుల తర్వాత పోతే ఆ మనిషి నోట ఇంకెవరి మాటో వస్తుంది.

ఈ బయాన్ చదవకపోతే ఎంత దూరం తిరగాల్సి వస్తుందో చెప్పడానికి సీలో అందరికీ ఎదురయ్యే ఒక తమాషా ఉంది. సాకెట్ ఫంక్షన్ ఇచ్చిన నంబరును దాచుకోవడం, అది సున్నా కన్నా తక్కువా అని చూడడం, ఈ రెండు పనులూ పిల్లలు ఒకే లైన్లో రాస్తారు. దాచుకునే ముక్క చుట్టూ కుండలీకరణాలు పెట్టడం మరిచారనుకోండి. సీ ఖాయిదా ప్రకారం పోలిక ముందు జరుగుతుంది, దాచుకోవడం తర్వాత. సాకెట్ సరిగ్గా దొరికింది కాబట్టి ‘సున్నా కన్నా తక్కువా’ అంటే ‘కాదు’. సీలో ‘కాదు’ అంటే 0. ఆ 0నే సాకెట్ నంబరుగా దాచుకుంటుంది. కానీ 0 నంబరు మామూలుగా కీబోర్డుది! ఇక కనెక్ట్ పోయి కీబోర్డును పట్టుకుని అవతలి కంప్యూటర్‌కు కలుపుతానంటుంది. మిషన్ ‘సాకెట్ ఆపరేషన్ ఆన్ నాన్ సాకెట్’ అని సాఫ్‌గా చెబుతుంది: నువ్వు తెచ్చింది సాకెట్టే కాదు. ఈ ఒక్క వాక్యం చదివినవాడు రెండు నిమిషాల్లో ఆ లైనుకు పోతాడు. ‘ఫెయిల్డ్’ అని మాత్రమే చూసినవాడు ఐపీ మారుస్తాడు, వైఫై మారుస్తాడు, ఆఖరికి రూమ్మేట్ మీద ఇల్జామ్ వేస్తాడు.

ఇంకో గల్లీ, దర్వాజా నంబరుది. దీన్ని ఉర్దూ, తెలుగు రెండూ చదివే మనకన్నా తేలిగ్గా ఎవరు అర్థం చేసుకుంటారు? ఉర్దూ కితాబ్ మొదలయ్యే వైపున తెలుగు పుస్తకం ముగుస్తుంది. ఎటునుంచి తెరవాలో ముందే తెలియకపోతే ఆఖరి పేజీని మొదటిదనుకుంటాం. కంప్యూటర్లలోనూ ఈ పంచాయితీ ఉంది. 8080 అనే నంబరు రెండు ముక్కలుగా నిల్వ ఉంటుంది: 31, 144. 31ని 256తో హెచ్చించి 144 కలిపితే 8080. నెట్‌వర్క్ ఖాయిదా ప్రకారం పెద్ద ముక్క ముందు పోవాలి. మన ల్యాప్‌టాప్‌లలోని ఇంటెల్, ఏఎండీ చిప్‌లు చిన్న ముక్కను ముందు పెట్టుకుంటాయి. డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త 1980లో ఈ రెండు వర్గాలకు గలివర్ యాత్రల్లో గుడ్డును ఏ వైపు పగలగొట్టాలని కొట్టుకున్నవాళ్ల పేర్లే పెట్టాడు. నంబరును నెట్‌వర్క్ వరుసలోకి తిప్పే హెచ్‌టాన్స్ అనే ఫంక్షన్ మరిచిపోతే 8080 కాస్తా 36895 అయిపోతుంది. మనం 8080 దర్వాజా తడుతున్నామనుకుంటాం, నిజానికి 36895 తడుతున్నాం. జవాబు మళ్లీ ఇన్కారే.

ఇందులో ఒక ఖతర్నాక్ మలుపుంది. సర్వర్, క్లయింట్ రెండూ ఒకే ల్యాబ్ రికార్డు చూసి రాసినవైతే, రెండిట్లోనూ హెచ్‌టాన్స్ మరిచిపోతే, రెండూ 36895 దగ్గరే కలుసుకుంటాయి. ప్రోగ్రాం నడుస్తుంది. ఎగ్జామినర్ సంతకం పెడతాడు. పది మార్కులకు పది. బయటివాడు ఎవడైనా వచ్చి 8080 తట్టిన రోజు బండారం బయటపడుతుంది. అందుకే ఎన్‌సి లాంటి బయటి పనిముట్టుతో ఒకసారి తట్టి చూడమంటా. ఇద్దరూ ఒకే తప్పును ఒప్పుకుంటే అది నిజమైపోదు. ఖాందాన్‌లలో కూడా ఈ సూత్రం పనికొస్తుంది, కానీ అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

మిగతావి వేగంగా. సర్వర్‌ను ఆపి వెంటనే మళ్లీ మొదలుపెడితే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అంటే భయపడొద్దు. పాత గుఫ్తగూ తాలూకు సామాను లైనక్స్ ఒక నిమిషం పాటు దర్వాజా దగ్గరే ఉంచుతుంది. బైండ్‌కు ముందే రీయూజ్ అడ్రస్ అనే ఇజాజత్ పెట్టుకుంటే సరి. 1024 కన్నా తక్కువ నంబరు దర్వాజాకు ‘పర్మిషన్ డినైడ్’ అంటే, ఆ దర్వాజాలు మామూలుగా యజమానికే ఇస్తారని అర్థం. ఇవేవీ పనిచేయకపోతే ఎస్‌ట్రేస్ అనే పనిముట్టు ఉంది. మన ప్రోగ్రాం ఏ ఫంక్షన్‌కు ఏ పతా, ఏ నంబరు ఇచ్చిందో, ఏ జవాబు వచ్చిందో వరుసగా చూపిస్తుంది. మనం రాశామనుకున్నది కాదు, నిజంగా జరిగింది.

‘ఇప్పుడు ఏఐ ఉంది కదా, దాన్ని అడిగితే పోలా’ అని ఒక బాబు నాతో వాదించాడు. అడగొచ్చు, తప్పేం లేదు. కానీ ఏం చెప్పి అడుగుతావ్? ‘కనెక్షన్ ఫెయిల్డ్’ అంటే అది పది వజహ్‌లు వరుసగా పెడుతుంది. ఆ పదిట్లో నీది ఏదో తేల్చాల్సింది మళ్లీ నువ్వే. ‘వేరే ల్యాప్‌టాప్ నుంచి ఇన్కార్ వస్తోంది, సర్వర్ 127.0.0.1 మీద వింటోంది’ అని చెప్పగలిగినవాడికి ఏఐ అవసరమే పెద్దగా ఉండదు. హకీమ్ ఎంత పెద్దవాడైనా ‘ఒంట్లో బాలేదు’ అని మాత్రమే చెప్తే ఏ దవా ఇస్తాడు?

కాలేజీల తరఫున ఒక మాట వినిపిస్తుంది. సిలబస్ ఎక్కువ, ల్యాబ్‌కు దొరికేవి రెండు మూడు గంటలు, ప్రతి ఫంక్షన్ తర్వాత ఎర్రర్ చూసే లైన్లు రాయిస్తే రికార్డు రెండింతలు అవుతుందని. అందులో నిజం ఉంది. కానీ నేను చూసిన రికార్డుల్లో ఆ లైన్లు తీసేసి మిగిల్చిన జాగాలో ఏం పెట్టారో తెలుసా? రంగు స్కెచ్‌పెన్నులతో గీసిన మార్జిన్లు. అల్గారిథం అని చేతిరాతతో ఒకసారి, ప్రోగ్రాం అని మళ్లీ ఒకసారి. టైమ్ లేదనడం కన్నా, దేన్ని ఇల్మ్ అనుకుంటున్నారన్నదే అసలు సవాల్.

దీనివల్ల దెబ్బ తినేది ఎవరు? ఇంట్లో అన్నో అక్కో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పిల్లవాడు వాళ్లకు ఫోన్ చేస్తాడు. రిఫ్యూజ్డ్ వేరు, టైమ్‌డ్ అవుట్ వేరని వాళ్లు డైనింగ్ టేబుల్ దగ్గరే చెప్పేస్తారు. మన పిల్లలకు ఆ తోడు లేదు. అబ్బాకు దుకాణం తెలుసు, అమ్మీకి ఇల్లు తెలుసు. రాత్రి ఒంటి గంటకు తెర మీద ‘ఫెయిల్డ్’ అని కనిపిస్తే ఆ మాట ప్రోగ్రాం గురించి అని వాళ్లకు అనిపించదు. తమ గురించి అనిపిస్తుంది. ‘మనకు ఈ లైన్ రాదు’ అని ఫైసలా చేసుకుంటారు. ఇంట్లో చెప్పుకోవడానికి షరమ్. మెల్లగా కోర్ సబ్జెక్టులు వదిలి, పాసైతే చాలనుకునే చోటికి దిగిపోతారు. ఇన్నేళ్ల మెహనత్ ఒక్క అర్థం కాని మాట దగ్గర ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇంగ్లీష్ భయం కూడా ఇందులో కలిసి ఉంది. తెర మీద ఇంగ్లీష్ వాక్యం కనబడగానే కళ్లు తిప్పుకునే పిల్లల్ని చూశా. కానీ సాకెట్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాటలు పదికి మించవు. వాటిని మన జబాన్‌లోకి మార్చి గోడకు అంటించుకోండి. ఇన్కార్. ఖామోషీ. రాస్తా లేదు. దర్వాజా ఖాళీ లేదు. ఇజాజత్ లేదు. ఇది సాకెట్టే కాదు. ఒక్కో మాట పక్కన ఎక్కడ వెతకాలో ఒక లైను. ఆ కాగితం తయారు చేయడానికి ఒక ఆదివారం చాలు.

అమ్మీ అబ్బాలకు నా విన్నపం ఒకటే. పిల్లలు కంప్యూటర్ ముందు పరేషాన్‌గా కనిపిస్తే ‘వచ్చిందా, రాలేదా’ అని అడగకండి. ‘అది ఏమంటోంది, చదివి చెప్పు బేటా’ అని అడగండి. మీకు అర్థం కానక్కర్లేదు. గట్టిగా చదివి చెప్పడంలోనే సగం సార్లు వాళ్లకే దారి దొరుకుతుంది.

నెట్‌వర్క్స్ ల్యాబ్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు కూడా ఒక మాట. వాళ్లలో మన పాత షాగిర్దులూ ఉన్నారు. ఒక్క ప్రాక్టికల్‌ను తిప్పి పెట్టండి. నడిచే ప్రోగ్రాం రాయమనకండి. చెడగొట్టిన ప్రోగ్రాం ఇవ్వండి. ఒకదాంట్లో హెచ్‌టాన్స్ తీసేయండి, ఒకదాంట్లో కుండలీకరణాలు తీసేయండి, ఒకదాంట్లో 127.0.0.1 పెట్టండి, ఇంకోదాంట్లో ప్రోగ్రాంను ముట్టుకోకుండా ఫైర్‌వాల్ మూసేయండి. ఎందుకు కలవడం లేదో కారణం, ఆ కారణానికి సబూత్ రాసినవాళ్లకు మార్కులు వేయండి. కొత్త లైన్లు ఎన్ని రాశారో లెక్క పెట్టకండి. రేపు నౌకరీలో వాళ్ల చేతికి వచ్చేది ఎక్కువగా ఇతరులు రాసిన, ఎక్కడో ఆగిపోయిన ప్రోగ్రామే. అప్పుడు పనికొచ్చే హునర్ ఇదే.